వైద్‌జీకి ఫీకా చాయ్

ముందే చెబుతున్నాను, నాకు దిగంబర్ మీద జాలి లేదు. ఈ సంగతి విన్నవాళ్లలో కొందరు చివరికొచ్చేసరికి అయ్యో పాపం అంటారు. అననివ్వండి. జనాబాయి చాయ్ బండికి ఎదురుగా జాకెట్లు కుట్టే దుకాణం నాది. మిషను మీద తల వంచుకుని కూర్చున్నట్టే ఉంటాను గానీ, ఆ సందులో నా కంట పడనిదంటూ ఉండదు. ఇందులో కొంత నేను చూసింది, మిగిలింది జనాబాయి తన నోటితో చెప్పింది.

నాందేడ్ బస్టాండు వెనుక సందులో చాయ్ బళ్లకు కొదవలేదు. అందరూ పాలూ నీళ్లూ చాయ్‌పత్తీ చక్కెరా ఒక్కసారే గిన్నెలో వేసి మరిగించేవాళ్లు. జనాబాయి మాత్రం చక్కెర లేకుండా మరిగించి, గ్లాసులో పోశాక ఎవరికి కావలసినంత వాళ్లకు కలిపి ఇచ్చేది. ఎందుకే ఈ వంద సార్ల కలుపుడు, నీ చెయ్యి పడిపోను అని నేను తిడితే, "ఇంట్ల గిట్లనే అలవాటైంది అక్కా" అనేది. దానివల్ల సందులోని షుగర్ రోగులంతా ఆమె గిరాకీ అయ్యారు.

ఆ అలవాటు ఆమె పెనిమిటి రాజన్న కోసం మొదలైంది. రాజన్న కుండల్‌వాడికీ నాందేడ్‌కూ మధ్య జీపు తోలేవాడు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని నమ్మే మనిషి. ఎక్కనివాణ్ని తెలుగులో బతిమాలేవాడు, ఎక్కి గొణిగేవాణ్ని మరాఠీలో తిట్టేవాడు. తీపి అంటే ప్రాణం. జిలేబీ పొట్లం లేకుండా ఇల్లు చేరేవాడు కాదు. అలాంటివాడికి తొంభై ఆరులో షుగర్ బయటపడింది. డాక్టరు గోలీలు రాసిచ్చాడు. జనాబాయి చక్కెర డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. గోలీ మింగేదాకా మొగుడి ఎదుట నిలబడేది, మింగాక నోరు తెరిపించి చూసేది. ఏడాది అలా నడిచింది. పెద్ద చిక్కేమీ రాలేదు.

చిక్కు కుండల్‌వాడి వారపు అంగట్లో తగులుకుంది. జీపు నిండేదాకా ఊరికే కూర్చోలేక రాజన్న అంగడి తిరిగేవాడు. అక్కడొకడు గోనెపట్ట పరిచి, ఆకుల కట్టలూ పొడి సీసాలూ పెట్టుకుని అరుస్తున్నాడు. తెల్లటి టోపీ, నుదుట గంధం. జనం వైద్‌జీ అనేవాళ్లు. వాడి అసలు పేరు దిగంబర్. వాడు అమ్మేది పొడపత్రి ఆకు, మా వైపు గుడ్‌మార్ అంటారు. ముందు తాను నాలుగాకులు నమిలి నాలుక చాపేవాడు. చక్కెర వేసుకుని, ఇసుక నమిలినట్టు మొహం పెట్టి ఉమ్మేవాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ల చేత నమిలించేవాడు. వాళ్లకూ అంతే. చక్కెర చప్పగా, మన్నులా ఉండేది. అప్పుడు వాడు చెయ్యెత్తి, "నాలుక మీద సచ్చిన శక్కర నెత్తురుల ఎట్ల బతుకుతది? జెప్పున్రి!" అనేవాడు. జనం డబ్బులకోసం జేబులు తడుముకునేవాళ్లు.

ఆకు నాలుక మీద చేసే పని నిజమే. కాసేపు తీపి తెలియకుండా చేస్తుంది. ఉప్పు ఉప్పగానే ఉంటుంది, పులుపు పుల్లగానే ఉంటుంది, తీపి ఒక్కటే మాయమవుతుంది. కానీ చక్కెర చావదు. నోరెత్తకుండా కడుపులోకి దిగుతుంది, అక్కణ్నుంచి నెత్తురులోకి పోతుంది. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఇంత చిన్న సంగతి ఆ అంగట్లో ఒక్కడికీ తట్టలేదు.

రాజన్న ఆకులు ఇంటికి తెచ్చి జనాబాయి నోట్లోనూ పెట్టాడు. బీరువా తెరిపించి చక్కెర వేయించాడు. ఆమె నమిలి నోరెళ్లబెట్టింది. "గోలీలు ఇడిచిపెట్టుమన్నడు వైద్‌జీ. రెండు కలిస్తే ఆకు పని జెయ్యదట" అన్నాడు రాజన్న. నోటితో చూసినదాన్ని నమ్మకుండా ఎట్లా ఉంటుంది? గోలీల పట్టీలను జనాబాయే తన చేత్తో మురికినీళ్ల మోరీలో పారేసింది. రాజన్న రోజూ పొడి మింగాడు, నిశ్చింతగా జిలేబీ తిన్నాడు. ఆకు నమిలితే జిలేబీ రుచి పోతుంది కాబట్టి జిలేబీ ముందు, ఆకు తర్వాత.

ఏడాది తిరిగేలోపు బ్రేకు తొక్కే కాలి వేలికి చెప్పు ఒరుసుకుని పుండు పడింది. అది మానలేదు. వేలు నల్లబడింది, నలుపు పాదానికి ఎక్కింది. దవాఖానలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆకు ఎందుకు పని చెయ్యలేదని రాజన్న చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. పథ్యంలో తనదే ఏదో తప్పు జరిగి ఉంటుందనుకున్నాడు పిచ్చివాడు. జీపు చేతులు మారింది. తొంభై ఎనిమిది ఎండాకాలంలో పోయాడు.

ఆ తర్వాతే జనాబాయి నా ఎదురుగా బండి పెట్టింది. పిల్లలు లేరు. రాజన్న చెల్లెలి కూతురు మయూరి మర్ఖేల్ నుంచి వచ్చి, ఆమె దగ్గరే ఉంటూ కాలేజీలో బీఎస్సీ చదువుకునేది. పిల్ల తెలివైనది, నోరు కూడా ఉన్నది. అత్తాకోడళ్లు ఒకరి మాట ఒకరు పడకుండానే ఒకరినొకరు బాగా చూసుకునేవాళ్లు.

రెండువేల సంవత్సరం వానలు తగ్గాక, ఒక పొద్దున మా సందు మొదట్లో గోనెపట్ట పడింది. నేను కొత్తవాడెవడో అనుకున్నాను. జనాబాయి వాణ్ని ఇంతకు ముందెన్నడూ చూడలేదు. కానీ వాడు గొంతెత్తి, నాలుక మీద చచ్చిన చక్కెర నెత్తురులో ఎట్లా బతుకుతుందనగానే ఆమె చేతిలోని జల్లెడ కింద పడింది. ఆ మాట రాజన్న ఇంట్లో ఎన్నిసార్లు అన్నాడో. మరిగే చాయ్ గిన్నె ఎత్తుకెళ్లి వాడి మొహాన పోద్దామన్నంత కోపం వచ్చిందట. గిన్నె అంచులు పట్టుకుందట కూడా. అంతలో వాడే లేచి ఆమె బండి దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఒక ఫీకా చాయ్. శక్కర అస్సలు వద్దు" అన్నాడు.

చక్కెర ఎందుకు వద్దో అడక్కుండా ఆమె పోసి ఇచ్చింది. వాడు బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ చూశాడు. చొక్కా లోపలి జేబులోంచి గోలీల పట్టీ తీసి, ఒకటి చిదిమి, గుటుక్కున నోట్లో వేసుకుని చాయ్‌తో మింగాడు. ఆ పట్టీ జనాబాయికి తెలుసు. ఆ రంగు తెలుసు. ఏడాది పాటు పొద్దునొకటి, రాత్రొకటి తానే మింగించింది. తర్వాత తానే మోరీలో పారేసింది.

వాడికీ షుగరే. ఊరందరి గోలీలు పారేయించి, తన గోలీలు జేబులో దాచుకుని తిరుగుతున్నాడు. ఆ మాట నాతో చెప్పేటప్పుడు జనాబాయి ఏడవలేదు. పళ్లు కొరికిన చప్పుడు మాత్రం నాకు వినిపించింది. "వాడు ఎరుకలేక జేస్తే ఇడిచిపెడుదు అక్కా. అన్ని ఎరికే ఉన్నయి ఆ దొంగ లంగకు" అంది.

మర్నాటి నుంచి మొదలైంది. దిగంబర్ జనం ముందు ఆకులు నమిలేవాడు, ఆట ముగియగానే నోటి చేదు పోవడానికి బండి దగ్గరికి వచ్చేవాడు. జనాబాయి వీపు వాడి వైపు తిప్పి, గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర వేసి, కరిగేదాకా తిప్పి, మీద చాయ్ పోసేది. వాడు ఊదుకుంటూ తాగేవాడు. ఆకు నమిలిన నాలుకకు ఏం తెలుస్తుంది? "అక్కా, నీ ఫీకా చాయ్ ముంగట నాందేడ్‌ల అందరి చాయ్ బేకార్" అని మెచ్చుకునేవాడు కూడా. ఆమె నవ్వేది. అంత నవ్వు ఆమె మొహాన రాజన్న పోయాక నేను చూడలేదు. గిరాకీ పెరిగి సంతోషంగా ఉందేమో అనుకున్నాను.

అంగడి లేని రోజుల్లో వాడు మా సందులోనే కూర్చునేవాడు. రోజుకు మూడు నాలుగు ఆటలు, ఆటకొక చాయ్. ఒక్కొక్కప్పుడు వాడు అడక్కముందే గ్లాసు నింపి పంపేది. పైగా వాణ్ని అన్నా అని పిలిచేది.

ఆ శీతాకాలం మయూరి కాలేజీలో ఆకుల రసాల మీద ఏదో ప్రయోగం చేస్తోంది. ఒక మధ్యాహ్నం బండి మీదే ఆ పని చూపించింది. జొన్నపిండి గంజిని నీళ్లలా పల్చగా చేసి రెండు గ్లాసుల్లో పోసింది. ఒకదాంట్లో ఊరికే ఉమ్మి వేసింది, ఇంకోదాంట్లో ఉమ్మితో పాటు పొడపత్రి కషాయం కలిపింది. కాసేపాగి రెండింట్లోనూ దెబ్బలకు రాసే టింక్చర్ అయోడిన్ చుక్కలు వేసింది. కషాయం ఉన్న గ్లాసు నీలంగా మారింది. రెండోది మారలేదు.

"ఇదేంది పొల్లా, గారడీనా?" అంది జనాబాయి.

"గారడీ కాదు అత్తా. మన ఉమ్మిల, పేగులల్ల పిండిని కోసి శక్కర జేసే ఎంజైములు ఉంటయి. కత్తెరలు అనుకో. గంజి ఉంటే అయోడిన్ ఏస్తే నీలమైతది. ఉమ్మి ఒక్కటే ఏసిన గిలాసల కత్తెర గంజినంత కోసింది, అందుకే నీలం రాలే. ఆకు రసం ఏసినదాంట్ల కత్తెరను ఆకు పట్టుకున్నది, గంజి గంజిలెక్కనే ఉన్నది."

జనాబాయి మొహం మాడిపోయింది. "అంటే ఆకు పని జేస్తదా? వాడు జెప్పింది నిజమేనా?"

"గిలాసల జేసింది. కడుపుల ఎంత జేస్తదో ఎవరికెరుక? జేస్తే మంచిదే, పిండి ఒక్కసారే శక్కరై నెత్తురుల పడకుంట మెల్లగైతది. మా సారు గదే అంటడు, పదేండ్లు పని జేస్తెగాని తెల్వదని. కని గోలీలు బంద్ జెయ్యుమనెటోడు మాత్రం దొంగనే" అంది మయూరి.

జనాబాయి పొయ్యి మీద గిన్నెను కలుపుతూ ఊరికే అడిగినట్టు అడిగింది. "పిండి సరే. శక్కరను గుడ కత్తెర కొయ్యాల్నా?"

"కొయ్యాలె. శక్కర గుడ పేగులల్ల రెండు ముక్కలైతేనే నెత్తురుల కలుస్తది. గ్లూకోజు ఒక్కదానికే కత్తెర పని లేదు. అందుకే దవాఖానల నీరసంగున్నోళ్లకు గ్లూకోజు ఎక్కిస్తరు."

పిల్ల తన చదువు అత్తకు చెప్పుకున్నానని మురిసిపోతూ వెళ్లింది. సాయంత్రం జనాబాయి మందుల దుకాణం నుంచి గ్లూకోజు పొడి డబ్బా తెచ్చింది. ఇన్ని నెలలుగా తన చక్కెరను వాడి ఆకు కడుపులో పట్టి ఆపుతున్నదేమోనన్న అనుమానం ఆమెకు తేలులా కుట్టింది. ఇక ఆ అనుమానమే ఉండకూడదనుకుంది. ఆ రోజు నుంచి వైద్‌జీ చాయ్‌లో చక్కెర బంద్, గ్లూకోజు మొదలు.

హోలీ నాటికి దిగంబర్ మొహం పీక్కుపోయింది. కడవెడు నీళ్లు తాగేవాడు. ఆట మధ్యలో జనాన్ని నిలబెట్టి గోడ చాటుకు పరిగెత్తేవాడు. "ఏమో అక్కా, దూప ఆగుతలేదు. కండ్లు మసక మసక అయితున్నయి" అన్నాడు ఒకరోజు. జనాబాయి చల్లటి నీళ్లిచ్చింది. తర్వాత చాయ్ ఇచ్చింది. వాడు పట్టీలోంచి రెండు గోలీలు ఒక్కసారే మింగాడు. చూసి, మర్నాటి నుంచి ఆమె ఒక చెంచా పెంచింది. వానాకాలం వచ్చేసరికి వాడి కుడికాలి బొటనవేలికి గుడ్డ కట్టు కనిపించింది. చెప్పు కరిచిందట. ఆ కట్టు మీద ఈగలు వాలుతుంటే జనాబాయి పని మాని చూస్తూ నిలబడటం నేను చూశాను. అప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు. దయగల మనిషి అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మయూరికి తట్టింది. బండి కింద వరసగా ఖాళీ గ్లూకోజు డబ్బాలు చూసి ఎవరికని అడిగింది. నాకే, నీరసం అంది అత్త. పిల్ల ఆ పూట కాలేజీకి పోకుండా నా దుకాణంలో కూర్చుని బండినే చూసింది. దిగంబర్ తాగి పోగానే గ్లాసు అందుకుని, అడుగున మిగిలిన చుక్క నాలుక మీద వేసుకుంది. "తియ్యగున్నది, గ్లూకోజు" అంది. అప్పుడే నాకు అంతా తెలిసింది.

"అత్తా, మనిషిని సంపుతున్నవ్."

"మీ మామ గుడ మనిషే."

"కేసు పెడుదాం. పేపరుల రాయిద్దాం. నేను నలుగురి ముంగట నిలబడి చెప్త వాడు దొంగని. గిదేం పద్ధతి? నేను మంచికి సదువుతున్న ఆకు అది. వాడు దాంతోని దొంగ యాపారం జేసె, నువ్వు దాంతోని మనిషి కాలు తింటున్నవ్!"

జనాబాయి గ్లాసులు కడుగుతూనే జవాబిచ్చింది. "మీ మామ కాలు కోసిననాడు సంచిల ఏసి నా చేతికిచ్చిన్రు బిడ్డా, పాతిపెట్టుకోమని. మోసినవా నువ్వు దాన్ని? మొయ్యలే. మరి మాట్లాడకు."

సోమవారం దాకా చూస్తాను, ఆపకపోతే నేనే వాడితో చెబుతాను అంది మయూరి. చెప్పుకో అంది జనాబాయి. నన్నడిగితే నేనేం చెప్పేదాన్నో తెలియదు, నన్ను ఎవరూ అడగలేదు. సోమవారం వచ్చింది. దిగంబర్ రాలేదు. ఆ వారమూ రాలేదు, ఆపై నెలా రాలేదు. ఉమ్రి నుంచి వచ్చిన ఒక కూరగాయలామె కబురు తెచ్చింది. వైద్‌జీ దవాఖానలో ఉన్నాడట, కుడి పాదం సగం తీసేశారట. సందంతా నవ్వింది. షుగర్‌కు మందిచ్చేవాడికే షుగర్‌తో కాలు పోయిందని పాన్ డబ్బావాడు వచ్చే పోయేవాళ్లకల్లా చెప్పాడు. వాడి ఆకు మొహం చూసే దిక్కు లేకపోయింది. జనాబాయి ఆ పూట జిలేబీ తెప్పించి సందంతా పంచింది. నేనూ తిన్నాను. మయూరి తినలేదు.

ఆ చాయ్ వల్లే కాలు పోయిందో, ముదిరిన రోగం వల్లే పోయిందో డాక్టరైతే పది కారణాలు చెబుతాడు. జనాబాయికి మాత్రం ఒకటే కారణం తెలుసు.

కథ ఇక్కడితో అయిపోతే ఆమెకు నిద్ర పట్టేది. కానీ రెండువేల రెండు చలికాలంలో, ఎండ కాస్త ఎక్కాక, దిగంబర్ కర్ర పొడుచుకుంటూ సందులోకి వచ్చాడు. టోపీ లేదు, గంధం లేదు, గోనెపట్ట లేదు. కర్రను బండి చక్రానికి ఆనించి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆకు బంద్ జేసిన అక్కా. దినాం నమిలి నమిలి నాలుక మొద్దుబారింది, ఇప్పుడిప్పుడే సక్కగైంది. నీ చాయ్ యాదికచ్చింది. ఒక ఫీకా చాయ్ పొయ్యి."

నేను మిషను ఆపాను. ఆమె ఉత్త చాయ్ పోసి ఇచ్చి ఉంటే వాడు తాగి పోయేవాడు. జన్మలో వాడికి ఏమీ తెలిసేది కాదు, ఆమెకు ఏ భయమూ ఉండేది కాదు. జనాబాయి వంగి, బండి కింద ఇంకా దాచి ఉంచిన గ్లూకోజు డబ్బా తీసింది. ఎప్పుడూ వేసినన్ని చెంచాలే వేసింది, ఎప్పుడూ తిప్పినట్టే తిప్పింది. గ్లాసు తెచ్చి వాడి చేతికిచ్చింది.

వాడు ఒక గుక్క తాగి ఆగాడు. "గలతి అయింది అక్కా. దీంట్ల శక్కర వడ్డది."

"గలతి కాలే. నీకు ఎప్పుడు పోసిన చాయే అది."

వాడు నవ్వబోయాడు. ఇంకో గుక్క నోట్లో పెట్టుకుని, మింగకుండా కాసేపుంచి, పక్కకు ఉమ్మేశాడు. గ్లాసు వైపు చూశాడు. తర్వాత కాలి వైపు చూశాడు.

"ఎప్పటి సంది?"

"మొదటి దినం మర్నాటి సంది."

"నేను నీకేం జేసిన?" వాడి గొంతు పిల్లవాడి గొంతులా సన్నబడిపోయింది.

ఈ మాట కోసమే జనాబాయి ఇన్నాళ్లు బతికింది. నడుం మీద చేతులు పెట్టుకుని, సందంతా వినేలా అంది. "రాజన్న! కుండల్‌వాడి జీపు రాజన్న!"

వాడు ఆలోచించాడు. దొంగ ఆలోచన కాదు, నిజంగానే వెతుక్కున్నాడు. కనుబొమలు ముడిచి, పెదవులు కదిపి, ఏ ఊరు, ఏ అంగడి అని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నాకు ఆ క్షణం వాణ్ని అక్కడే కర్రతో బాదాలనిపించింది.

"ఏ రాజన్న?" అన్నాడు చివరికి.

జనాబాయి చేతులు కిందికి జారాయి. ఆ పేరు చెవిన పడగానే వాడు కూలిపోతాడని, కాళ్ల మీద పడతాడని ఆమె అనుకుని ఉంటుంది. వాడికి ఆ పేరే గుర్తు లేదు. వందమందిలో ఒకడి చేత ఆకు నమిలించాడు, మర్చిపోయాడు. అంత చేసి, ఏమీ చేయనట్టయింది.

ఆమె వెనక్కి తిరిగింది. స్టవ్వు ఆర్పింది. చక్రానికి ఆనించి ఉన్న కర్రను తీసి బండి అవతల, వాడికి అందని చోట పెట్టింది. పాల క్యాను బోర్లించి, వాడికి ఎదురుగా మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఎరుక లేదా? జెప్త, ఇను" అంది.

జీపు దగ్గర మొదలుపెట్టింది. దాని రంగు చెప్పింది, దాని హారన్ ఎట్లా మోగేదో చెప్పింది. రాజన్న ఏ తిట్టు తిట్టేవాడో, జిలేబీ పొట్లం ఏ సంకన పెట్టుకుని వచ్చేవాడో చెప్పింది. గిరాకీ వచ్చి నిలబడి చూసి పోయారు, ఆమె తల తిప్పలేదు. మధ్యలో ఒకసారి వాడు చెమటలు తుడుచుకుని, బెంచీ పట్టుకుని లేవబోయాడు.

"కూసో. ఇంక ఆయన కాలు కాడికి రాలే" అంది జనాబాయి.

వాడు కూర్చున్నాడు.